కళాయి మస్తాన్ మీద సారా కేసు

అది 1961. గుంటూరుకీ పర్చూరుకీ మధ్య ఒక ఊళ్ళో క్రిమినల్ ప్లీడరు గారి దగ్గర నేను గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఊరి పేరు రాస్తే ఇప్పటికీ నన్ను బజార్లో నడవనివ్వరు. మా సబ్ మేజిస్ట్రేటు కోర్టు గోడకి అవతల మిరపకాయల కొట్లు. కొత్తకాయ దిగిందంటే కోర్టంతా తుమ్ములే. సాక్షి ప్రమాణం చేస్తూ తుమ్మేవాడు, ముద్దాయి నేరం ఒప్పుకుంటూ తుమ్మేవాడు. మేజిస్ట్రేటు గారు తుమ్మితే బల్లమీది వకాల్తాలు లేచిపోయి నల్లపాడు స్టేషన్లో రైలెక్కేవి. కొంచెం పెంచాననుకుంటారేమో. రైలెక్కాయో లేదో నేను చూడలేదు గానీ స్టేషను దాకా వెళ్ళిన మాట నిజం.

అప్పట్లో మా జిల్లాలో మద్యనిషేధం. ఆ చట్టం రాసినవాళ్ళు మహా బుద్ధిమంతులు. సారా కాసేవాణ్ణి పట్టుకోవడం కష్టం కాబట్టి, కాయడానికి పనికొచ్చే సామాను దొరికినా చాలన్నారు. కుండ, గొట్టం, నల్లబెల్లం, నవాసారం నీ దగ్గర కనిపిస్తే నువ్వు కాసినట్టే. కాయలేదని నువ్వే రుజువు చేసుకోవాలి. కోర్టు భాషలో దీన్ని ప్రిజంప్షన్ అంటారు. అంటే నేరాన్ని ముందే నెత్తికెత్తి, దమ్ముంటే దింపుకో అనడం.

ఇది రాష్ట్రం చట్టం. దీని దెబ్బకి సారా వేషం మార్చుకుని శొంఠి టింక్చరై మందుల షాపుల్లో కూర్చుంది. ఊళ్ళో పెద్దమనుషులందరికీ ఒక్కసారిగా అజీర్తి పట్టుకుంది. ఆ టింక్చర్లు ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రంలోకి దొర్లిపోకుండా ఢిల్లీవాళ్ళు మరో చట్టం చేశారు. అంతకన్నా పెద్దవాళ్ళకి పర్మిట్లు ఉండనే ఉన్నాయి. తాగకపోతే ప్రాణం నిలవదని డాక్టరు రాసిస్తే సర్కారే ముద్ర వేసి తాగమనేది. ఇన్ని చట్టాల సందుల్లోంచి ఏనుగులు నడిచిపోతుంటే, వలలో పడినవాడు మా కళాయి మస్తాన్.

మస్తాన్ ఊరికంతటికీ ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. గిన్నెని నిప్పులమీద కాల్చి, తగరం తాకించి, నవాసారం చల్లి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపల వెన్నెల కాసేది. ఆ వెలుగులో మా ఆవిడ పాపిడి దిద్దుకునేది. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే కిలుమెక్కి విషమవుతుంది. నవాసారం లేకపోతే తగరం ఇత్తడిని పట్టుకోదు. ఆ నవాసారాన్నే సారా ఊట, అంటే పులియబెట్టిన బెల్లం నీళ్ళు, తొందరగా పొంగడానికి వేస్తారట దొంగబట్టీల వాళ్ళు. మస్తాన్ చేసిన నేరమల్లా అదే దినుసు వాడటం.

మా ప్రొహిబిషన్ ఎస్సై పానకాలరావు గారు. ఆయన మీసాలమీద రెండు కాకులు ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. ఆవేళ పొద్దుటినించీ వాగు పొదలన్నీ గాలించారు. దొంగబట్టీల వాళ్ళకి ఆయన రాక ఆయనకన్నా ముందే తెలుస్తుంది కాబట్టి బూడిద తప్ప ఏమీ దొరకలేదు. ఉత్త చేతులతో తిరిగొస్తూ, జిన్నింగు మిల్లు గోడపక్కన పాకలోంచి తెల్లటి పొగ లేవడం చూశారు.

“ఏరా, ఏంటిది?”

“కళాయండి.”

“ఈ పొట్లం?”

“నవాసారమండి.”

“ఈ గొట్టం?”

“కొలిమితిత్తి గొట్టమండి.”

“మరి ఈ కుండలన్నీ?”

“ఊళ్ళోవాళ్ళవండి. నాది ఒక్కటీ లేదు.”

“ఓహో! అయితే ఊరంతా నీతో వాటాదార్లన్నమాట!”

చుక్క సారా లేదు, ఊట వాసన లేదు. అయినా పంచనామా రాసేశారు. పంచనామా అంటే సామాను పట్టుకున్నచోట ఇద్దరు పెద్దమనుషుల ఎదుట రాసే కాగితం. ఆ పెద్దమనుషులిద్దరూ స్టేషను ఎదుట టీ బడ్డీలో కాపురం. జిల్లాలో ఎక్కడ ఏ నేరం జరిగినా, పాపం, వాళ్ళు అటుగా వెళుతూనే ఉండేవారు. మస్తాన్‌ని సబ్‌జైల్లో వేశారు. కొలిమితిత్తి, పొట్లం, మసిపట్టిన గిన్నెలు అన్నీ బండికెత్తించారు.

మర్నాడు మస్తాన్ భార్య ఖాసింబీ మా ఆఫీసు గుమ్మంలో కూలబడింది.

“మా ఆయన అత్తరు కూడా రాసుకోడు బాబుగారూ, తల తిరుగుద్దని! ఆయన సారా కాశాడంటే ఎట్టా నమ్ముతారు?”

“నమ్మక్కర్లేదమ్మా” అన్నారు ప్లీడరు గారు. “చట్టమే నమ్మేసింది. శిక్షపడితే జైలుతో పాటు గిన్నెలూ పనిముట్లూ సర్కారుపాలు. గిన్నెలవాళ్ళెవరైనా వచ్చి, కళాయికి ఇచ్చామని ఒక్క మాట చెబితే మస్తాన్ బయటపడతాడు.”

ఇంత చిన్న పని! ఖాసింబీతో నేనూ వీధివీధీ తిరిగాను. నిన్నటిదాకా “ఒరే మస్తాన్, నా గిన్నె ముందు” అని పోట్లాడుకున్న మహాతల్లులు “గిన్నా? మా ఇంట్లో ఇత్తడే లేదే!” అన్నారు. అన్నం మట్టిమూకుట్లో వండుకుంటున్నారట. ఒకాయన తలుపు తీయకుండానే “సారా కేసులో గిన్నె నాదంటే రేపు సారా కూడా నాదే అంటారు గుమాస్తా గారూ” అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ చట్టం అలాంటిది. నిజం చెప్పబోయేవాడి నోట్లోనే ముందు గుడ్డ కుక్కింది.

చివరికి ఒక్కరే కదిలారు. మిషన్ స్కూలు మార్తమ్మ టీచరు గారు. ఆవిడ గొంతెత్తి ఎక్కాలు చెప్పిస్తే పొరుగూరి పిల్లలు కూడా అప్పజెప్పేవారు.

“నా పెళ్ళినాటి గిన్నె అది. నేను రాకపోతే ఎవరొస్తారు? నడవండి. తాగానో లేదో అక్కడే వాసన చూసుకోమనండి” అన్నారు.

విచారణ రోజు కోర్టు బల్లమీద గిన్నెలు గోపురంలా పేర్చారు. పట్టుకున్న సామానుని ఎం.ఓ.లు, అంటే మెటీరియల్ ఆబ్జెక్టులు అంటారు. కోర్టుకొచ్చాక గరిటె కూడా గరిటె కాదు, ఎం.ఓ. అన్నమాట. ఎస్సై గారు బోనెక్కి గొట్టం చూపించి, కుండ చూపించి, బట్టీ ఎలా బిగిస్తారో మేజిస్ట్రేటు గారికి ఎంత బాగా వర్ణించారంటే, ఆ వర్ణన వింటూనే టీ బడ్డీ పెద్దమనుషులిద్దరూ గుటకలు మింగారు.

తర్వాత మార్తమ్మ గారి వంతు.

“నీ గిన్నె ఏదో ఎలా చెబుతావమ్మా? అన్నీ నల్లగానే ఉన్నాయి” అన్నారు మేజిస్ట్రేటు గారు.

“పేరు చెక్కించుకోని ఇత్తడి ఉంటుందాండీ మన ఇళ్ళల్లో? తమరు సెలవిస్తే చూసి చెబుతాను.”

సెలవిచ్చారు. ఆవిడ జేబురుమాలు తడిపి ఒక్కొక్క గిన్నె అంచుమీది మసి తుడుస్తూ, క్లాసులో పాఠం చదివినట్టు గట్టిగా చదవడం మొదలెట్టారు.

“ ‘సుబ్బాయమ్మ’... నాది కాదు. ‘చి.సౌ. కోటేశ్వరమ్మకు మేనమామ’... ఇదీ కాదు.”

ఇంట్లో ఇత్తడే లేదన్నవాళ్ళు కిటికీల దగ్గర మెడలు లోపలికి లాక్కుంటున్నారు. ఆవిడ పెద్ద గంగాళం ఒకటి తిప్పి, అంచు రుద్దారు.

“ ‘చిరంజీవి పానకాలరావుకు మంగళగిరి అత్తవారి కానుక’... ఇదీ నాది కాదండీ.”

కోర్టులో తుమ్ములు కూడా ఆగిపోయాయి. మార్తమ్మ గారు మాత్రం అదేం పట్టనట్టు తన గిన్నె వెతుక్కుని “ఇదిగో, ‘మార్తమ్మ’!” అని చంకన పెట్టుకోబోయారు. బంట్రోతు ఆపాడు.

మీసాలమీది కాకులు రెండూ ఎగిరిపోయాయి. ఎస్సై గారి భార్య ఆ గంగాళాన్ని ఇంట్లో పనిమనిషి చేత కళాయికి పంపిందనీ, అది తిరిగి రాలేదని ఆవిడ గోలపెడుతుంటే ఈయన “ఆ మస్తాన్‌గాడు అమ్ముకుని ఉంటాడు” అని సర్దిచెప్పారనీ మాకు తర్వాత తెలిసింది. తన చేత్తో తనే బండికెత్తించారు. మగవాడికి ఇంట్లో గిన్నె గుర్తుండదు మరి.

మా ప్లీడరు గారు మెల్లిగా లేచి, ఎస్సై గారిని మళ్ళీ బోనెక్కించారు. “ఎస్సై గారూ, ఈ గంగాళం సారాకి ఇచ్చారా, కళాయికి ఇచ్చారా?”

“కళాయికే...” అని బోనులోంచి చిన్న ధ్వని వచ్చింది.

“మిగతావి?”

మేజిస్ట్రేటు గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తుమ్మారు. అది తుమ్మని నేను ప్రమాణం చేయలేను.

కేసు కొట్టేశారు. నాకు ఒళ్ళు మండింది అప్పుడే! నిర్దోషి అని రాయలేదు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ అని రాశారు. అంటే అనుమానం మిగిలింది కాబట్టి దాని లాభం ముద్దాయికి ఇస్తున్నామని. ఊరంతటికీ, కోర్టుకీ, ఆఖరికి పట్టుకున్నాయనకీ తెలిసిన నిజాన్ని అనుమానం అన్నారు. మస్తాన్‌కి చదివి చెప్పాను.

“అనుమానం నాకిచ్చారా గుమాస్తా గారూ?”

“ఇచ్చారయ్యా, నీ లాభానికే.”

“మరి అది నాతోటే ఉంటదా, ఇక్కడే వదిలేసి పోవచ్చా?”

అతని కొలిమితిత్తిని స్టేషన్లో ఎలుకలు కొరికేశాయి. పొట్లం రూలు ప్రకారం నాశనం చేశామన్నారు. బట్టీల పొగ వాగు వెంట యథాప్రకారం లేస్తూనే ఉంది. గిన్నెలు మాత్రం వాటివాటి ఇళ్ళకి చేరాయి. తమవి కావన్నవాళ్ళందరూ వచ్చి తీసుకెళ్ళారు.

మస్తాన్ కళాయి మానేసి మిల్లులో పత్తిబోరేలు మోయడానికి చేరాడు. ఊరు కిలుము పులుసు తాగింది. అందరికీ ఒకేసారి కడుపులు కదిలి, శొంఠి టింక్చరు మొట్టమొదటిసారి నిజంగా మందుగా అమ్ముడుపోయింది. ఒక సాయంత్రం ఎస్సై గారే మిల్లు గేటు దగ్గరికి వచ్చారు. మా ప్లీడరు గారి పనిమీద నేనూ అక్కడే ఉన్నాను.

“మస్తాన్, మా ఇంట్లో గంగాళం... మా ఆవిడ ఊరుకోవట్లేదోయ్.”

“నవాసారం లేదండి.”

“నేను తెప్పిస్తాలే.”

“తెప్పించడం కాదండి. తమరే బజారంతా నడిచి పట్టుకురండి. తమరి చేతిలో ఉంటే అది కళాయికి, నా చేతిలో ఉంటే సారాకి.”

మర్నాడు పట్టపగలు ఎస్సై గారు పొట్లం పట్టుకుని బజార్లో వస్తుంటే నేను కావాలనే ఎదురెళ్ళి నమస్కారం పెట్టాను. “పొట్లంలో ఏముందండీ?”

“పంచదార” అన్నారు, మొహం తిప్పుకుని.

ఆ పంచదారతోనే మస్తాన్ గంగాళానికి కళాయి పూశాడు. మిగిలిన పొట్లం ఆయన చేతిలోనే పెట్టి పంపేశాడు.

అప్పటినించీ కొత్త చట్టం వచ్చిందని పేపర్లో చదివితే, దాంట్లో ఏం నిషేధించారో నేను చూడను. ఆ పొట్లం ఎవరి దగ్గర ఉంటే జైల్లో వేస్తారో, ఎవరి దగ్గర ఉంటే పంచదార అంటారో చూస్తాను.