పైడికి పెట్టిన ఉలవలు

పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయి. మధురవాడలో ఐదో అంతస్తు ఫ్లాటులో ఒక్కదాన్నే ఉంటూ, ఒక్కదాని కోసం ఇంత ఉలవచారు ఎందుకని పనమ్మాయి అడుగుతుంది, ఎదురింటివాళ్లు లిఫ్టు దగ్గర ముక్కు చిట్లిస్తారు, చిట్లించుకోనీ, నాకేం. కాస్త తడిమట్టిలా, కాస్త పశువుల కొట్టంలా ఉండే ఆ వాసన వంటగది దాటి వరండాలోకి వెళ్లేదాకా కిటికీ కూడా తియ్యను. కట్టు వార్చుకున్నాక చిల్లుల గిన్నెలో మిగిలిపోయే ఎర్రటి గింజల దగ్గరే ప్రతిసారీ చెయ్యి ఆగిపోతుంది. వాటిని ఎవరికి పెట్టాలో తెలియదు.

నాన్నకి పోర్టులో క్రేన్ నడిపే ఉద్యోగం వస్తే గోదావరి లంకల నుంచి మూటాముల్లె సర్దుకుని విశాఖపట్నం వచ్చేశాం. జాలరిపేట పక్క సందులో రెండు గదుల పెంకుటిల్లు; పొద్దున లేస్తే ఎండుచేపల వాసన, సాయంత్రమైతే ఉప్పుగాలి, మధ్యలో ఎప్పుడో దూరంగా ఓడ కూత. నాన్న రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. బళ్లో నేను నోరు విప్పి "ఆయ్, వచ్చానండి" అంటే చాలు, క్లాసు క్లాసంతా "ఆయ్ ఆయ్" అని ఏడిపించేది. సరే పోనీ అని ఇక్కడి మాట పట్టుకుని ఇంట్లో "నాను రాను, ఏటి?" అంటే అమ్మ అట్లకాడతో వచ్చేది. అక్కడా చెల్లక, ఇక్కడా చెల్లక, నోరు కుట్టేసుకుని తిరిగేదాన్ని. ఆ వయసులో అంత ఒంటరితనం ఎవరికీ రాకూడదు.

చలికాలం మొదలవగానే అమ్మకి ఉలవచారు మీదకి మనసు పోయేది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కుండ పెట్టి, పొద్దుట్నుంచి సన్నటి సెగ మీద మరిగించి, చింతపండు పులుసు పోసి, ఇంగువ పోపు వేసేసరికి సందులో జాలరి ఆడవాళ్లు కూడా "ఏటొండుతున్నావమ్మా?" అని తొంగి చూసేవారు. చారు మనకి, గింజలు గేదెకి, లంకల్లో అదీ పద్ధతి. ఇక్కడ గేదె ఎక్కడిది? "ఏ ఆవైనా కనబడితే పెట్టేసి రావే" అని అమ్మ సత్తుగిన్నె చేతికిచ్చింది. సందులన్నీ తిరిగినా ఆవు కనబడలేదు. బీచ్‌లో గుర్రం కనబడింది.

గుర్రం పక్కన ఇసకలో గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్న పొట్టి మనిషి నన్ను చూసి, "ఓలమ్మ గుంటా, ఏటి తెచ్చినావు?" అన్నాడు.

"ఉలవలండి."

"గుర్రానికి ఉలవలెట్టాలని నీకెవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఆవు కనబళ్లేదండి, ఆయ్."

నోట్లో బీడీ ఇసకలో పడేదాకా నవ్వాడు. "ఇన్నావేటే పైడీ! నిన్ను ఆవు కింద జమకట్టీసింది ఈ గుంట!" అని గుర్రం మెడ చరిచాడు. నా 'ఆయ్'ని మాత్రం వెక్కిరించలేదు. ఆ ఊళ్లో దాన్ని వెక్కిరించని మొదటి మనిషి ఆయనే.

పేరు అప్పలసూరి. పద్మనాభం దగ్గర ఒక పల్లె. ఈ ప్రాంతంలో అమ్మవారికి చేసే జాతరని తీర్థం అంటారు. కోతలైన మళ్లలో గుర్రపు పందెం పెట్టిన ప్రతి తీర్థంలోనూ అప్పలసూరి ఉండాల్సిందే, అప్పలసూరి ఉంటే నెగ్గాల్సిందే. జీను ఉండదు, వీపు మీద మడత పెట్టిన గోనెసంచీ ఒక్కటే. నెగ్గినవాడికి ఇత్తడి బిందె ఇచ్చేవారు. వాళ్లింట్లో బిందెలన్నీ పైడి నెగ్గినవేనట, వాళ్లావిడ మాత్రం "బిందెలు సాలుగానీ, బియ్యం నెగ్గుకురా" అని సణిగేదట. అందుకే పందేలు లేని రోజుల్లో అంతటి పందెగాడూ బీచ్‌లో పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పేవాడు.

ఆయనకి నేను గుంట, పైడీ గుంటే. గిన్నె ముందుపెట్టి "తినీ గుంటా" అంటే ఇద్దరం ఒకేసారి తల తిప్పేవాళ్లం, ఆ వేడుక చూడ్డానికే మళ్లీ మళ్లీ అనేవాడు. వేసవిలో ఊరి నుంచి జీడిమామిడి పళ్లు, తాటిముంజలు తువ్వాల్లో మూటగట్టి తెచ్చేవాడు. ఆ జీడిరసం గౌనుకి అంటితే మరక జన్మలో పోదు, అమ్మ చేత తిట్లు తప్పవు. వానల్లో పాత టార్పాలిన్ కింద ముగ్గురం నిలబడి ఉడకేసిన వేరుశనక్కాయలు తింటుంటే తడిసిన గుర్రం ఒంట్లోంచి ఆవిరి లేచేది. నన్ను ఎక్కించి ఎన్నోసార్లు సముద్రం అంచున నడిపించాడు. "కల్లెం ఊరికే లాగీకు, నీ నోట్లో ఎవులైనా తాడెట్టి లాగితే ఊరుకుంటావేటి? బయ్యమైతే బయ్యమని దానికి సెప్పీ, దాసుకోకు" అనేవాడు. నేను పైడి చెవిలో నిజంగానే చెప్పేదాన్ని, భయం సంగతే కాదు, బళ్లో సంగతులన్నీ.

ఒక ఆదివారం పొద్దున్నే ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, తలకి నూనె రాసుకుని, పెళ్లికి పిలవడానికొచ్చినట్టు నిలబడి, "అమ్మా, మీ గుంటేదమ్మా? పైవారం మా ఊరి తీర్థం. గుంటని పంపించండి, మా పైడి పరుగు సూద్దురుగాని" అన్నాడు.

మా వైపు గుంటంటే గొయ్యి. ఆడపిల్లనంటే తిట్టు. అమ్మ మొహం ఎర్రబడిపోయింది. "మా అమ్మాయిని పట్టుకుని గుంట అంటావా? నా గుమ్మంలో నిలబడి? వెళ్లవయ్యా, వెళ్లు, ఇంకోసారి ఈ ఛాయలకి వచ్చావంటే బావుండదు!" అంది. పడుకున్న నాన్న కూడా లేచి వచ్చాడు. అప్పలసూరి నా వైపు, అమ్మ వైపు చూసి, తను అన్నదేమిటో అర్థంకాక, "తప్పేటన్నానమ్మా?" అని ఒక్కసారి అడిగి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. "అమ్మా, గుంటంటే ఇక్కడ..." అని నేను మొదలుపెడితే "నోర్ముయ్, వాడి మాటలే నీకూ అంటుకున్నాయి" అని తలుపు గడియ వేసింది.

మర్నాడు అమ్మ కళ్లుగప్పి బీచ్‌కి పరిగెత్తితే ఆయన జాగాలో బఠాణీల బండి ఉంది. పందేనికి పైడిని తయారుచెయ్యడానికి ఊరెళ్లిపోయాడని బండివాడు చెప్పాడు. ఇక రాడేమో అని నాకు ఒకటే భయం, ఆ భయం చెప్పుకోవడానికి పైడి చెవి కూడా లేదు.

శనివారం నాడు మాకు చేపలు పోసే నూకాలమ్మ గంప దింపీ దింపకుండానే, "ఏగిరం తీసుకోమ్మా, మా గుంటకి జొరం, ఎలిపోవాల" అంది.

అమ్మ తూకం దగ్గర ఆగిపోయింది. "ఎవరికి?"

"మా గుంటకమ్మా, మనవరాలికి."

"సొంత మనవరాల్ని గుంట అంటావా?"

"ఓలమ్మో, గుంటనక ఏటంతారు? ఆడపిల్ల గుంట, మగపిల్లోడు గుంటడు. మీకాడ అనరేటి?"

అమ్మ చేపలు తీసుకోవడం మర్చిపోయి గుమ్మంలో కూలబడింది. "అయ్యయ్యో, పిలవడానికొచ్చిన మనిషిని గుమ్మంలోంచి గెంటేశానే" అని నోరు నొక్కుకుంది. ఆ సాయంత్రమే ఉలవలు పొయ్యి మీద పెట్టింది. ఈసారి కట్టు వార్చలేదు, చారు కాయలేదు. కట్టుతో సహా అంతా గుర్రానికే అని, బెల్లం ముక్క కూడా వేసి, పెద్ద క్యారేజీలోకి తీసింది.

మర్నాడు బస్సు దిగేసరికి తీర్థమంతా దుమ్ము, డప్పులు, జీళ్లు లాగుతున్న బెల్లంపాకం వాసన. మేం మడిగట్టు మీదకి చేరేలోపే గుర్రాలు వదిలేశారు. అందరికంటే ముందు పైడి, దాని మెడ మీద వాలిపోయి అప్పలసూరి. నేను గొంతు చించుకుని అరిచాను. గెలుపు జెండా అల్లంత దూరంలో ఉందనగా పైడి ముంగాలు గుంటలో పడింది, మా అమ్మ భాషలో గుంట. తూలి, మోకాళ్ల మీదకి వచ్చి, మళ్లీ లేచింది గానీ మిగతావన్నీ దాటిపోయాయి.

జనం, డప్పులు నెగ్గినవాడి వెనకాల వెళ్లిపోయారు. చింతచెట్టు కింద అప్పలసూరి పైడి కాలికి తడిగుడ్డ చుడుతున్నాడు, తల ఎత్తలేదు. పరాయి మగవాళ్లతో గట్టిగా మాట్లాడని మా అమ్మ క్యారేజీ అక్కడ దించి, గొంతు సవరించుకుని, "అన్నయ్యగారూ, మీ గుంటొచ్చిందండి" అంది.

ఆయన తల ఎత్తి మమ్మల్ని చూశాడు. "ఏ గుంటమ్మా? నాకిద్దరు" అన్నాడు. అని, ఓడిపోయినందుకో, దేనికో తెలియదు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పైడి మాత్రం క్యారేజీ అడుగు దాకా నాకేసింది.

ఆ కాలు మళ్లీ సరికాలేదు. పైడిని అమ్మెయ్యమని ఎందరు చెప్పినా వినకుండా, చివరిదాకా పెరట్లో కట్టేసి మేపాడు. తను ఆటో నడిపాడు. ఏడాదికోసారి తీర్థం జీళ్లు పట్టుకుని మా ఇంటికొచ్చేవాడు, నా పెళ్లిలో అందరి ముందూ, నా జుట్టు నెరిశాక ఫోన్‌లోనూ, "ఎలగున్నావు గుంటా?" అనే అడిగాడు. పోయిన వానాకాలం ఆయనా పోయాడని వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. అమ్మ అంతకుముందే వెళ్లిపోయింది.

మొన్న పట్టుదలగా డబ్బా నింపుకుని క్యాబ్‌లో బీచ్‌కి వెళ్లాను. మెరుపు కాగితాలు చుట్టిన ఒక్క గుర్రం కనబడింది. "రైడా, ఫొటోనా మేడమ్?" అన్నాడు కుర్రాడు. ఉలవలు తెచ్చానంటే, "బయటియి ఎట్టం మేడమ్" అని మర్యాదగానే చెప్పాడు. అతని తప్పేం లేదు. తెచ్చిన డబ్బా తెచ్చినట్టే వెనక్కి తీసుకొచ్చాను.

అందుకని ఇప్పుడు ఆ గింజలు నేనే తింటున్నాను, ఇంత ఉప్పు జల్లి, పొయ్యి గట్టు పక్కన నిలబడి. ఇవాళ ఏమనిపించిందో, "తినీ గుంటా" అని పైకే అనేశాను. తల తిప్పింది నేనొక్కదాన్నే.