దేశాలు దాటిన నాగలక్ష్మి పాట

కరోనా తగ్గిన మరుసటి వేసవి. గుడివాడలో ఒక మేడ మీద నా రికార్డింగ్ స్టూడియో. చర్చి పాటలు, పెళ్లి వీడియోల పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు, ఇరవై ఏళ్లుగా ఇదే నా పని. ఆ వేసవిలో నాగాయలంక అవతలి పల్లె నుంచి నాగలక్ష్మి అనే ఆవిడ వచ్చింది. చేపలమ్ముతుంది. తనే కట్టిన పాటని సింగిల్‌గా, అంటే ఆల్బమ్ ఏమీ లేకుండా ఒక్క పాటగా, విడుదల చేయాలంది.

వేటకెళ్లిన మొగుడితో ఒడ్డున నిలబడి పోట్లాడే పాట. పల్లవి వినగానే నా కాలు దానంతటదే తాళం వేసింది. అలాంటి పాట నా గదిలోకి రావడం అదే మొదటిసారి.

చిక్కల్లా ఒకటే. మేం క్లిక్ ట్రాక్ పెట్టి పాడిస్తాం. తాళం తప్పకుండా చెవిలో టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. ఈవిడ పల్లవి చివర ప్రతిసారీ తాళంలో ఒక దెబ్బ ఎక్కువ ఆగేది. నాలుగు టేకులు తీసినా అంతే. ఊపిరి అందడం లేదేమో అనుకున్నాను. ఆవిడ వెళ్లాక ఆ ఖాళీలన్నీ కోసేసి, మాటమాత్రం చెప్పకుండా పాట ఫోన్‌కి పంపాను.

మర్నాడు పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చేసింది.

"అన్నయ్యగారూ, ఇది నా పాట కాదండీ."

"తాళం సరిచేశానమ్మా. అక్కడ తప్పు పడింది."

"తప్పు కాదండీ. అలివి వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి మార్చుకోవాలి కదా. అప్పుడు పాడితే పట్టు జారిద్ది. వల పాటలు పాడేటప్పుడు మా అమ్మ కూడా అలాగే ఆగేదండీ."

అలివి వలంటే పదిమంది కలిసి ఒడ్డుకి లాగే పెద్ద వల. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. పాట బయటికి రాకపోయినా ఫర్వాలేదు, ఇలా మాత్రం వద్దంది. చేసేది లేక కోసినవన్నీ మళ్లీ అతికించి ఇంటర్నెట్‌లో పెట్టాను.

కొన్ని నెలలు పాట దివిసీమ దాటలేదు. ఒకరోజు నాగలక్ష్మి ఫోన్ చేసింది.

"నా పాట ఎవరో వేరే భాషలో పాడుతున్నారండీ. పోట్లాట మాత్రం నాదే."

ఇండోనేషియా అమ్మాయి. నాగలక్ష్మి పేరు వేసి, గిటార్ మీద పాడింది. ఇలా ఒకరి పాటని ఇంకొకరు తమ పద్ధతిలో పాడితే కవర్ వెర్షన్ అంటారు. ఆ వెంటనే కెన్యా నుంచి పాతికమంది బృందం, పోర్చుగల్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు. పనులన్నీ పక్కన పడేసి ఒకదాని వెంట ఒకటి విన్నాను. మూడింటిలోనూ పల్లవి చివర ఆ దెబ్బ ఆగారు. ఒళ్లు జలదరించింది. జర్మనీ నుంచి వచ్చిన డాన్స్ వెర్షన్‌లో మాత్రం ఆ ఖాళీ తీసేశారు. తాళం లెక్కకి సరిపోయింది, పాటలో ప్రాణం పోయింది.

ఇండోనేషియా అమ్మాయి మాట్లాడాలని రాస్తే స్టూడియోలోనే వీడియో కాల్ పెట్టాం. నా వచ్చీరాని ఇంగ్లీషే ఇద్దరికీ వారధి. ఆ అమ్మాయి మొదటి ప్రశ్నే, "అక్కడ ఆగడం సౌండ్ ఇంజనీర్ ఆలోచనా?"

ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఏవంటున్నారండీ?" అంది నాగలక్ష్మి.

"నేను కోసేశాననీ, నువ్వు పెట్టించావనీ చెప్పాను."

"అదంతా ఎందుకండీ పాపం! తిరిగి కుట్టింది కూడా మీరేనని చెప్పండి."

తర్వాత హెడ్‌ఫోన్ వైరు పట్టుకుని వల లాగుతూ చెయ్యి ఎలా మార్చుకుంటారో చూపించింది. తెర మీద ఆ అమ్మాయి నవ్వుతూ గాల్లో అదే పని చేసింది. వాళ్ల తాతగారూ ఒడ్డున వల లాగినవారేనట. ఇక నా ఇంగ్లీషుతో వాళ్లకి పని లేకపోయింది. ఇద్దరూ పాట అందుకున్నారు.

ఇప్పుడు నా దగ్గర ఎవరైనా తాళం తప్పితే, ముందు అక్కడెందుకు ఆగారని అడుగుతాను. కొందరు తప్పేనండీ అని నవ్వేస్తారు. మిగతావాళ్ల దగ్గర, యాభై దాటిన ఈ వయసులో, నేను సంగీతం నేర్చుకుంటున్నాను.