వేడి లేని బస్తా

సంపూర్ణ పెద్దమ్మ ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి మరోసారి లాగుతుంది. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూస్తుంది. చర్చిలో పాస్టరు గారు కళ్ళు మూసుకోమన్నప్పుడు ఆమె ఒక కన్ను తెరిచే ఉంచుతుందని మా క్వార్టర్ల లైనులో చెప్పుకునేవారు. నిజమే. నేను చూశాను. అంటే నా కన్నూ తెరిచే ఉందన్నమాట.

మాది యూరియా ఫ్యాక్టరీ కాలనీ. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, ఇళ్ళు పలచబడి టేకు చెట్లు చిక్కబడేచోట ఉంటుంది. ఎనభైల్లో ప్రభుత్వం కట్టిన ఫ్యాక్టరీ అది. గనుల నుంచి వచ్చిన బొగ్గును గ్యాసుగా మార్చి, గాలిలోంచి తీసిన నత్రజనితో కలిపి అమ్మోనియా చేసేవారు. అమ్మోనియా నుంచి యూరియా. కరిగిన యూరియాను ఎత్తయిన టవరు పైనుంచి చిలకరిస్తే, నేలకు చేరేలోపు గింజ కట్టేది. ఆ గింజ బెల్టు మీద బ్యాగింగ్ సెక్షన్‌కు వచ్చేది. అక్కడ బస్తాల మూతులు కుట్టే పని పెద్దమ్మది. పక్క మిషను మా అమ్మది.

పెద్దమ్మ భర్త క్రీస్తుదాసు అమ్మోనియా ప్లాంటులో ఫిట్టరు. ఒక మధ్యాహ్నం ప్లాంటులో గ్యాసు లీకై, కంపెనీ జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. "ఏం లేదమ్మా, జర దగ్గు వస్తున్నది, దవాఖానాల ఉన్నడు" అన్నారు. ఆమె వెళ్ళేసరికి ముఖం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ఆ చావు మీద ఆమెకు బ్యాగింగ్‌లో ఉద్యోగం ఇచ్చారు. అప్పటికే ఉంటున్న సి-టైపు క్వార్టరు ఆమెకే ఉంచారు. అనుమానం అప్పుడే మొదలైందని చాలామంది అంటారు. మా అమ్మ ఒప్పుకోదు. "పెండ్లి నాడే తాళిబొట్టు పంటికింద పెట్టి చూసింది" అంటుంది.

ఆమె పుట్టిన ఊరు చర్ల దాటి అడవిలో ఉంది. అక్కడ వాళ్ళ చేను ఉన్నచోట ఇప్పుడు పోలీసు క్యాంపు ఉంది. కూతురు మహిమ అత్తగారింట్లో నలుగురి మధ్య ఒక గదిలో ఉంటుంది. ఆ క్వార్టరు పోతే పెద్దమ్మకు తల దాచుకునే చోటు లేదు.

ఫ్యాక్టరీ ఎవరెవరి చేతుల్లో పడిందో మా కాలనీలో బస్తాలను చూసి చెప్పవచ్చు. ప్రభుత్వం బస్తా మీద రెండాకులు ఉండేవి. గట్టి బస్తా. మేము ఇప్పటికీ మిరపకాయలు దాని మీదే ఎండబెడతాం. తొంభై తొమ్మిదిలో నష్టాలని చెప్పి మూసేశారు. రెండేళ్ళ తర్వాత హైదరాబాద్ కంపెనీ కొన్నది. వాళ్ళ బస్తా మీద జింక బొమ్మ. వానలో నెత్తిన కప్పుకుంటే జింక కాళ్ళ మధ్య నుంచి నీళ్ళు కారేవి. "బస్తాకే పైసలు పెట్టనోడు బాయిలర్‌కు ఏం పెడతడు?" అనేది పెద్దమ్మ. వాళ్ళు ఏడాది నడిపి, బొగ్గు గిట్టడం లేదని చేతులెత్తేశారు. రెండువేల ఆరులో వేలంపాటలో నాగపూర్ కంపెనీ వచ్చింది. వాళ్ళ బస్తా మీద ఉదయించే సూర్యుడు. చూడటానికి ఎంత బాగుండేదో!

ఆ డిసెంబరు మొదట్లో కొత్త ఎస్టేట్ ఆఫీసరు వెంకటరామారావు గారు మా లైనులోకి వచ్చారు. జనవరి నుంచి ఫ్యాక్టరీ పూర్తిగా నడుస్తుందన్నారు. క్వార్టర్లన్నీ బాగుచేసి సున్నం వేయిస్తామని, రెండు నెలలు పాత స్కూలు బిల్డింగులో సర్దుకోమని అడిగారు. తాళంచెవులు ముందుగా ఇచ్చినవారికే ముందుగా ఉద్యోగమట.

మరుసటి రోజు నల్లా దగ్గర అదే మాట. ఎదురింటి మంగయ్య అందరికంటే హుషారుగా ఉన్నాడు. ఆయన ఒకప్పుడు బొగ్గు బెల్టు మీద పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక అశ్వారావుపేట పామాయిల్ మిల్లులో గెలలు మోసి నడుము పోగొట్టుకున్నాడు. క్రీస్తుదాసు స్నేహితుడు కాబట్టి పెద్దమ్మను వదినా అంటాడు.

"వదినా, క్రిస్మస్‌కు స్టార్ కడితివి గానీ గోడలు చూసినవా? సున్నం ఊరికే ఏస్తామంటుండ్రు. తాళంచెవి ఇయ్యి, నేనే ఇచ్చొస్త."

"సున్నం ఏసేటోనికి తాళంచెవి ఎందుకు? నేను లోపలుంటే సున్నం గోడకు అంటుకోదా?"

"గట్ల మాట్లాడితే ఎట్ల? పొగ చూడు, పొగ! చిమ్నీలకెల్లి ఎట్ల లేస్తున్నదో."

"పొగ సరే. బొగ్గు లారీ ఒక్కటన్న వచ్చిందా మంగయ్యా? నువ్వు బొగ్గోనివే గదా."

"ఇప్పుడు బొగ్గు వద్దట, నాఫ్తా నూనెతోని నడుపుతున్నరట. నీకు తెల్వదు."

"నీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఆఫీసరు సారే చెప్పిండు."

"నీకేమన్న ఇచ్చిండా, తాళంచెవులు జమ చెయ్యమని?"

మంగయ్య భార్య బతుకమ్మ బిందె దించి పకపకా నవ్వింది. "ఇస్తే నా ఒంటి మీద కనపడదా అక్కా? కొత్త చీర కూడ లేకపాయె." అందరూ నవ్వారు. మంగయ్యకు మాత్రం నవ్వు రాలేదు. చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే సైరన్ మోగింది. ఏళ్ళ తర్వాత మోగిన సైరన్‌కు కొందరు ఏడ్చారు. సూర్యుడి బస్తాలతో లారీలు గేటు దాటి వెళ్తుంటే పిల్లలు వెంట పరుగెత్తారు. లైనులో ఒకరి తర్వాత ఒకరు తాళాలు తీసి ఇచ్చేశారు. మా అమ్మ కూడా ఇచ్చింది. కుట్టు పని తెలిసిన పాత ఆడవాళ్ళను బ్యాగింగ్‌కు పిలిచారు. పెద్దమ్మనూ పిలిచారు, తాళంచెవి తర్వాతైనా పరవాలేదన్నారు. ఆ మాట విని ఆమె ఇంకా అనుమానపడింది. అయినా పనికి వెళ్ళింది.

పాత రోజుల్లో టవరు నుంచి వచ్చిన యూరియా బస్తాలోకి దిగేసరికి ఇంకా వెచ్చగా ఉండేది. ఎండాకాలం ఆ వేడికి ప్రాణం పోయేది. చలికాలంలో మాత్రం ఆడవాళ్ళు బస్తాలకు వీపు ఆనించి కాసేపు నిలబడేవారు. అన్నం డబ్బా రెండు బస్తాల మధ్య పెట్టి మరిచిపోతే చాలు, తినే వేళకు పొయ్యి మీద నుంచి దించినట్టు ఉండేది. పెద్దమ్మ ఆ మొదటి రోజు చేతికి అలవాటైన పనిగా డబ్బాను రెండు బస్తాల మధ్య పెట్టింది. మధ్యాహ్నం తీసి మూత విప్పింది. పప్పు గడ్డకట్టి ఉంది. అన్నం రాయిలా చల్లగా ఉంది.

ఆమె తినలేదు. బస్తా మీద అరచెయ్యి పెట్టింది. పక్క బస్తా మీద పెట్టింది. బెల్టు మీద వస్తున్న కొత్త బస్తాకు చెంప ఆనించింది.

"ఏంది, బస్తాతోని ముచ్చట?" అంది మా అమ్మ.

"నీ అన్నం చల్లగుందా?"

"చలికాలం గదా."

"చలికాలమైతే మునుపు వేడెట్లుండె?"

మా అమ్మ తన చల్లన్నం తినేసింది.

పెద్దమ్మ సూపర్‌వైజరు దగ్గరకు వెళ్ళింది. "సారూ, ఈ మాలు ఏడికెల్లి వస్తున్నది?" అని అడిగింది. టవరు నుంచే అన్నాడతను. సాయంత్రం ఆమె తిన్నగా ఇంటికి రాకుండా గోదాము వెనక్కి చుట్టూ తిరిగి వెళ్ళింది. అక్కడ టార్పాలిన్ కప్పిన లారీలో నుంచి కూలీలు బొమ్మ లేని బస్తాలు దించుతున్నారు. భద్రాచలం రోడ్ స్టేషన్‌లో వ్యాగన్ల నుంచి ఎత్తుకొచ్చామని ఒక కూలీ చెప్పాడు. బయటి యూరియాను ఇక్కడ విప్పి, సూర్యుడి బస్తాల్లో పోసి, తమచేత మూతులు కుట్టిస్తున్నారని ఆమెకు అర్థమైంది. పొగ బాయిలర్ ఒక్కదానిదే. టవరు ఎండిపోయే ఉంది.

వచ్చీ రాగానే మంగయ్యకు చెప్పింది.

"నీకు మంచి కనపడితే కండ్లు మండుతయి వదినా! ఉద్యోగం వస్తుంటే కూడ అనుమానమేనా?"

"బస్తా వేడి లేదయ్యా."

"బస్తా వేడి లేదని తాళంచెవి ఆపుతరా ఎవరన్న? రేపు అందరం పర్మనెంట్ అయితే నువ్వొక్కదానివే ఈ కూలిపోయే గోడలల్ల ఉంటవు."

"ఉంట."

మూడో రోజు వెంకటరామారావు గారు ఆమెను పిలిపించారు. లైనులో మిగిలింది నీ ఒక్క తాళంచెవేనన్నారు. ఇవ్వకపోతే రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారు. పెద్దమ్మ అక్కడే తల గుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకుంది. నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేసింది. అంతటి మనిషీ ఆ రోజు తాళంచెవి నా చేతికిచ్చింది. నేనే తాళం తీశాను. "తప్పు చేసిన్నా బిడ్డా?" అని అడిగింది.

క్రిస్మస్ ఆమె ఒక్క ఇంటి స్టార్‌తోనే గడిచింది.

జనవరిలో సున్నం వేసేవాళ్ళు రాలేదు. గ్యాస్ కట్టర్లు వచ్చాయి. ముందు పైపులు, తర్వాత కంప్రెసర్లు ముక్కలై లారీలెక్కాయి. తాళాలు ఇచ్చిన క్వార్టర్ల తలుపులూ కిటికీలూ ఊడదీశారు. ఫ్యాక్టరీ నడుస్తున్నట్టు బ్యాంకు వాళ్ళకు చూపించి అప్పు తీసుకోవడానికే ఆ బస్తాల నాటకమని కొందరన్నారు. ఏది నిజమో మాకు ఎవరూ చెప్పలేదు. స్కూలు బిల్డింగు కూడా ఖాళీ చేయమన్నారు. మేము కొత్తగూడెంలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. పాత కార్మికులు కోర్టుకు వెళ్తే, ఇంకా క్వార్టర్లలో ఉన్నవాళ్ళను కేసు తేలేదాకా కదిలించవద్దని ఆర్డరు వచ్చింది. మా లైనులో ఉన్నది పెద్దమ్మ ఒక్కతే. కరెంటు మాత్రం తీసేశారు.

ఆదివారం నేను ఆమెను చూడటానికి వెళ్ళినప్పుడు, పొద్దు వాలే వేళ మంగయ్య వచ్చాడు. చేతిలో రేకు పెట్టె. వెనకాల బతుకమ్మ, నెత్తిన మూట. పెద్దమ్మ తలుపు తీయలేదు, కిటికీలోంచి చూసింది.

"నిన్ను ఎవరు పంపిండ్రు?"

"ఎవరు పంపుతరు వదినా? చలి పంపింది."

"ఆఫీసరు సారు బాగున్నడా?"

మంగయ్య రేకు పెట్టె కింద పెట్టాడు. బతుకమ్మ ఊరుకోలేదు. "అడుగక్కా, ఇంకా అడుగు. కడుపు నిండా అడిగినంక తలుపు తియ్యి. మూట బరువున్నది."

పెద్దమ్మ కిటికీ దగ్గరే నిలబడి ఇద్దరినీ, పెట్టెనూ, మూటనూ చూసింది. రోడ్డు మీద ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. తర్వాత తలుపు తీసింది.

"ముందర గది మీది. తాళంచెవి మాత్రం నా కొంగుకే ఉంటది."

"ఉండనీ."

వాళ్ళు లోపలికి రాగానే లోపలి నుంచి గడియ పెట్టి తాళం వేసింది. ఒకసారి లాగింది. రెండోసారి లాగింది. మూడోసారీ లాగి కొంగు బిగించుకుంటుంటే, పెట్టె మీద కూలబడిన మంగయ్య తలెత్తకుండానే అన్నాడు.

"ఇంకోసారి లాగు వదినా."