అందరి నెత్తి మీదా ఉన్నది

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. మా ఇంట్లో జిన్నుల కథలు చెప్పే ముసలావిడ ఉండేది, మా నాయనమ్మ చెల్లెలు. ఆవిడ నోరు తెరిస్తే నాకు చిరాకు. చీకట్లో ఏదో కనబడితే దీపం పట్టుకెళ్ళి చూడొచ్చు కదా అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఇది చీకట్లో జరగలేదు. పట్టపగలు, ఎండలో, అనకాపల్లి ఊరంతా చూస్తుండగా జరిగింది.

విశాఖపట్నం మీద జపాను వాళ్ళు బాంబులు వేశాక వచ్చిన చలికాలం అది. నాకు పెళ్ళి కాలేదు ఇంకా. మా నాన్నకి బజారులో రేకు పెట్టెలు చేసే దుకాణం ఉండేది. యుద్ధం పేరు చెప్పి రేకు దొరకడం మానేసింది కాబట్టి, దుకాణంలో ఇద్దరం ఈగలు తోలుకుంటూ కూర్చునేవాళ్ళం. అలా ఊరికే కూర్చోలేక నేను ఆ మధ్యాహ్నం అప్పలసూరి మామ దగ్గరికి వెళ్ళాను.

అప్పలసూరి మామ మా నాన్నకి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. శారదా నది దాటి అవతల ఆయన చెరుకు తోట. బెల్లం వండే రోజులు. ఎద్దులు గానుగ తిప్పుతున్నాయి, పెద్ద పెనంలో రసం కాగుతోంది, మామ గరిటెతో పైన తేలే మడ్డి తీస్తున్నాడు. ఆయన భార్య నరసమ్మ అత్త పొయ్యిలోకి ఎండు పిప్పి తోస్తోంది. వేడి బెల్లం ఆకులో వేసి ఇస్తుందని నేను పక్కనే చతికిలబడ్డాను.

ఉన్నట్టుండి నీడ పడింది. మబ్బనుకున్నాను. ఎద్దులు ఆగిపోయాయి. మామ అదిలించాడు, కదల్లేదు. అప్పుడు తలెత్తి చూశాను.

నా నెత్తికి సరిగ్గా పైన ఏదో ఉంది. గుండ్రంగా, పాతబడిన రేకు రంగులో, మెరుపు లేకుండా. రేకు పని చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. అతుకు ఎక్కడుందా అని చూశాను, కనబడలేదు. విమానమైతే చప్పుడుండాలి. దీనికి చప్పుడు లేదు. కదలికా లేదు. పొయ్యి పొగ నిలువుగా పైకి వెళ్ళి, చూరు కింద పరుచుకున్నట్టు అక్కడ పరుచుకుంటోంది. మామ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. రసం పొంగి మంటలో పడి బుస్సుమంది. మేం ముగ్గురం పెనం వైపు తిరిగాం. మళ్ళీ పైకి చూస్తే ఏమీ లేదు. వెళ్ళడం మేమెవరం చూడలేదు.

"ఏట్రా అది?" అన్నాడు మామ.

"తెలీదు మామా."

"తెలీపోతే తెలీపోయింది. పెనం మాడిపోతంది, పట్టు," అని ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇంటికి పరిగెత్తుకెళ్ళి మా నాన్నకి చెప్పబోతే, ఆయనే నాకు చెప్పడం మొదలుపెట్టాడు. గుండ్రంగా ఉందిట, పాత రేకు రంగుట. సరిగ్గా మా దుకాణం మీద నిలబడిందిట. కాదు, మామ తోట మీద నిలబడింది, నేను కిందే ఉన్నాను అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. మెడ వెనక్కి విరుచుకుని చూశాను, నాకు తెలియదా అన్నాడు. మా అమ్మ మధ్యలో వచ్చి, మీ ఇద్దరికీ పిచ్చి, అది మన పెరట్లో బావి మీద ఉంటే దుకాణమంటారేమిటి, తోటంటారేమిటి అంది. ఆ రాత్రి అన్నాలు తింటూ కూడా అదే వాదించుకున్నాం.

ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే గొడవ అని మర్నాడు తెలిసింది.

ఇంకో రెండు రోజులకి మిలిటరీ లారీ వచ్చింది. అందులో వచ్చిన సిపాయిలు ప్రయాణీకుల కోసం కట్టిన ముసాఫరు బంగళాలో దిగారు. వాళ్ళ పెద్ద ఒక పంజాబీ కెప్టెన్, ఫిరంగుల దళంలో పనిచేసినవాడు. శత్రువు విమానం ఏదో కొత్త రకం వచ్చి ఊరు చూసుకుని పోయిందని ఆయన నమ్మకం. ఆయనకి తెలుగు రాదు. ఊళ్ళోవాళ్ళకి హిందుస్తానీ రాదు. మాది ఉర్దూ మాట్లాడే ఇల్లని, నేను తెలుగులో చదువుకున్నానని ఎవరో చెప్పారు. అంతే, నన్ను లాక్కుపోయి మధ్యలో కూర్చోబెట్టారు. నా జీవితంలో అంత విసుగు పుట్టించిన పని మరొకటి చేయలేదు.

బల్ల మీద పటం పరిచి, ఆయన ఒక్కొక్కరినీ పిలిచేవాడు. నువ్వు ఎక్కడ నిలబడ్డావు? అది ఏ దిక్కున కనబడింది? చేతికి వెదురు కర్ర ఇచ్చి చూపించమనేవాడు. రెండు చోట్ల నుంచి రెండు గీతలు గీస్తే అవి ఎక్కడ కలుస్తాయో అక్కడ విమానం ఉన్నట్టు. చాలా తేలిక, చిన్నపిల్లల లెక్క అని నాకు వివరించాడు కూడా.

మొదట వచ్చిన చాకలి లచ్చన్న కర్రని నిలువుగా పైకెత్తాడు. "నెత్తి మీద బాబూ."

తరవాత వచ్చిన కిరాణా కొట్టు ఆయన కర్ర నిలువుగా పైకెత్తాడు. స్టేషను నుంచి వచ్చిన కూలీ కూడా అంతే. బొజ్జన్నకొండ దగ్గర మేకలు కాసే ఆవిడా అంతే. నిలువు గీతలు ఎక్కడ కలుస్తాయి? పొద్దు వాలేసరికి కెప్టెన్ మొహం కందగడ్డలా అయింది. "నువ్వు తప్పు చెబుతున్నావు. పైన ఎక్కడో అంటే నెత్తి మీద అని తర్జుమా చేస్తున్నావు," అని నా మీద పడ్డాడు. నెత్తి మీద అన్నదాన్ని నెత్తి మీద అనక ఏమనాలి? మర్నాడు విశాఖ నుంచి తెలుగు సిపాయిని ఒకణ్ణి రప్పించి వాడితో అడిగించాడు. వాడికీ అదే జవాబు వచ్చింది. అప్పుడు వాడికీ తిట్లు పడ్డాయి. నాకు కొంచెం హాయిగా అనిపించింది.

ఆ హాయి నిలవలేదు. ఊరంతా ఒకే మాట చెబుతోందంటే ఎవరో నేర్పించారని కెప్టెన్ తేల్చుకున్నాడు. ఆ రోజు ఎక్కువ పొగ ఎక్కడ నుంచి లేచిందని వాకబు చేశాడు. అప్పలసూరి మామ పొయ్యి నుంచి అని ఎవడో చెప్పాడు. పొగతో శత్రువుకి గుర్తు చూపించాడని మామని తీసుకొచ్చి బంగళా వెనక గదిలో పెట్టారు. రెండు రోజులాగి విశాఖ పంపిస్తామన్నారు. యుద్ధం రోజుల్లో అలా వెళ్ళినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పేవాళ్ళు లేరు.

నరసమ్మ అత్త బంగళా వరండాలోకి వచ్చి నన్ను పట్టుకుంది. "ఒరే కరీమూ, ఆ దొరకి నువ్వేటి సెప్తన్నావురా? బెల్లం వొండితే పొగ రాదేటి? నరికిన సెరుకు గుట్టగా పడుంది, పులిసిపోతంది. మీ మామ రాపోతే ఎవుడాడతాడు గానుగ?"

ఆ మాటలన్నీ కెప్టెన్‌కి చెప్పాను. బెల్లం అంత పొగ పెట్టి వండుతారని ఆయన నమ్మలేదు. నాకిక ఓపిక పోయింది. "సార్, ఒక్కసారి వచ్చి చూడండి. మామ చేత పొయ్యి వెలిగించండి. ఎంత పొగ వస్తుందో మీ కళ్ళతో చూసుకోండి," అన్నాను. నా గొంతు పెద్దదైంది. సిపాయిలు లేచి నిలబడ్డారు. కెప్టెన్ వాళ్ళని కూర్చోమని సైగ చేసి, సరే అన్నాడు. పనిలో పని, ఆ విమానం పొగ చూసి వస్తుందేమో కూడా పరీక్ష చేసినట్టవుతుందన్నాడు.

ఆయన పద్ధతి ఆయనది. ఒక హవల్దారుని బొజ్జన్నకొండ మీద పెట్టాడు, ఇంకొకణ్ణి నది వంతెన దగ్గర పెట్టాడు. కోణాలు కొలిచే ఇత్తడి సాధనాలు ఇద్దరికీ ఇచ్చాడు. తాను ఒకటి పట్టుకుని మామ తోటలో నిలబడ్డాడు. పక్కన నేను.

మొదటి రోజు మామ పొయ్యి వెలిగించాడు. పొగ వచ్చింది, బెల్లం వచ్చింది, ఇంకేమీ రాలేదు. కెప్టెన్ నా వైపు చూసిన చూపు చెప్పలేను. ఇంకొక్క రోజు అని బతిమాలాను. మామ మాత్రం తలెత్తకుండా వండుకుంటున్నాడు. కాపలా సిపాయి నిలబడి ఉన్నా సరే, పులిసిపోయే చెరుకులో కొంతైనా దక్కుతుందని ఆయన ఆత్రం.

రెండో రోజు, మొదటి పెనం దించుతుండగా, నీడ పడింది.

కెప్టెన్ గబగబా సాధనం పైకెత్తాడు. కంటికి ఆనించాడు. నిలువుగా వెనక్కి వంగిపోయాడు. "నెత్తి మీద," అన్నాడు నెమ్మదిగా. అన్నది నాతో కాదు.

తరవాత ఆయన చేసిన పని నేను ఎప్పటికీ మరిచిపోను. సాధనం నా చేతిలో పెట్టి, గట్టు వెంట పరుగు తీశాడు. దాని కింద నుంచి బయటికి వెళ్ళి పక్క నుంచి చూడాలని. తోట చివరి దాకా పరిగెత్తాడు. అక్కడ ఆగి తలెత్తి చూసి, బూతు తిట్టి, ఇంకా దూరం పరిగెత్తాడు. నేను కదల్లేదు. అది నా నెత్తి మీదే ఉంది. నీడ మా పెనం చుట్టూ ఉంది. ఆయన వెళ్ళిన చోట నిక్షేపంలాంటి ఎండ. ఆయన టోపీ మీద ఎండ పడడం నాకు కనిపిస్తోంది. అయినా ఆయన అక్కడ నుంచి రెండు చేతులూ ఊపుతూ, నీడ వదలడం లేదు, నా మీదే ఉంది, నా వెంటే వస్తోంది అని హిందుస్తానీలో అరుస్తున్నాడు.

"మీ మీద లేదు సార్! ఇక్కడుంది, నా మీద!" అని నేనూ అరిచాను.

నరసమ్మ అత్త పిప్పి కిందపడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాబూ, ఎందాకా పరిగెడతావు? ఊరుకో. పడతావు," అంది. ఆ తెలుగు ఆయనకి అర్థమైందో లేదో, ఆగిపోయాడు. అంతలో ఎండ తిరిగి వచ్చింది. పైన ఏమీ లేదు.

హవల్దార్లిద్దరూ వచ్చారు. కొండ మీది వాడు చెప్పాడు: నా నెత్తి మీద సాబ్. వంతెన దగ్గర వాడు చెప్పాడు: నా నెత్తి మీద సాబ్. కెప్టెన్ వాళ్ళని చాకలి లచ్చన్నని అడిగినట్టే మళ్ళీ మళ్ళీ అడిగాడు. సరిగ్గా చూశావా? కొంచెమైనా పక్కకి లేదా? వాళ్ళూ లచ్చన్నలాగే బిక్కమొహాలు వేసుకుని, చెయ్యి నిలువుగా పైకెత్తి నిలబడ్డారు. ఆఖరికి ఆయన చెరుకు గుట్ట మీద కూలబడ్డాడు. అత్త ఆకులో వేడి బెల్లం పెట్టి ఇచ్చింది. వేలు కాల్చుకుంటూ తిన్నాడు. సగం తిన్నాక, "మీ మామని ఇక్కడే ఉండమను. కాపలా అక్కర్లేదు," అన్నాడు.

పై వాళ్ళకి ఏం చెబుతారు సార్ అని అడిగాను.

"ఏం చెప్పమంటావు? ఉన్నది ఉన్నట్టు చెబితే ముందు నన్ను లోపల వేస్తారు," అన్నాడు. అలసిపోయినవాడిలా కనిపించాడు. ఆ మనిషి మీద నాకున్న కోపం అప్పుడు కొంచెం తగ్గింది.

నరికిన చెరుకులో సగం అప్పటికే పులిసిపోయింది. ఆ ఏడాది మామ బెల్లం నల్లగా వచ్చింది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ కెప్టెన్‌ని తిట్టాడు కానీ, పైన కనిపించిన దాని గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. నేను కదిపితే, "అదేటో నాకెందుకురా? అది నన్నేటి సేసింది? సేసినోడు లారీ ఎక్కి వచ్చేడు," అనేవాడు.

సిపాయిలు లారీలో ముందే వెళ్ళిపోవడంతో, కెప్టెన్ వెళ్ళే రోజున పెట్టె మోయడానికి మనిషి లేడని నన్నే స్టేషనుకి రమ్మన్నారు. రైలు వచ్చేదాకా ఆయన ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. బండి ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"కరీం, ఇప్పుడు ఇక్కడ మిలిటరీ వాళ్ళెవరూ లేరు. నిజం చెప్పు. ఆ రోజు అది ఎవరి మీద ఉంది?"

"నా మీద సార్."

"కాదు. నా మీద."

"మీరు ఎండలో ఉన్నారు సార్. నేను చూశాను."

"నువ్వు ఎండలో ఉన్నావు! నేను చూశాను!"

బండి కదిలింది. ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, వేలితో తన నెత్తి చూపించుకుంటూ ఇంకా ఏదో అరుస్తున్నాడు. నేనూ పక్కన నడుస్తూ, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా, జనం నవ్వుతున్నా సరే, నా నెత్తి చూపించుకుంటూ అరిచాను.

ఇన్నేళ్ళయింది. ఆకాశంలో అటువంటిది మళ్ళీ చూడలేదు. చదువుకున్నవాళ్ళకి చెప్పి చూశాను. ఎండ దెబ్బన్నారు, పొగ వల్ల కళ్ళు చెదిరాయన్నారు, బెలూనన్నారు. బెలూనే అనుకుందాం. అందరి నెత్తి మీదా ఒకేసారి ఎలా ఉందయ్యా అంటే మాట మార్చేస్తారు. నాకూ తెలియదు. ఎంత ఆలోచించినా ముడి విడిపోదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ కెప్టెన్ ఇప్పుడు ఎక్కడున్నా, ఉన్నా లేకపోయినా, ఆయన పొరపాటు పడ్డాడు. అది నా మీదే ఉంది.