మా అమ్మాయి పెట్టని సంతకం

మా పెద్దమ్మాయి పోయింది. నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే మా అల్లుడు సైకిలు పారేసి పరిగెత్తుకొచ్చాడు. "అత్తయ్యా" అన్నాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రెండు వారాలుగా దానికి జ్వరం, దగ్గు. నేను నాలుగో తరగతే చదివాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

దానికి మూడో ఏట పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. ఆ మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేది. మిరప తొడిమలు తీసే పనికి అందరికంటే ముందే వెళ్లి గోడ పక్కన చోటు చూసుకునేది. లేవడానికి ఎవరైనా చెయ్యందిస్తే, "నేను లేస్తాగా, మీ కాయలు చూసుకోండి" అనేది.

పెళ్లికి ముందు వికలాంగుల పింఛను వచ్చేది. కాపురానికి అద్దంకి వైపు వెళ్లాక ఆపేశారు. అది, అల్లుడు, నేను మండలాఫీసుకి వెళ్లాం.

"మీ అత్తగారికి వితంతు పింఛను వస్తుందిగా. ఒక రేషను కార్డుకి ఒకటే పింఛను. ఇప్పుడు నువ్వూ ఆ కార్డులోనే ఉన్నావు" అన్నాడు కిటికీలో గుమాస్తా.

"నా కాలు కూడా నాతోనే కాపురానికొచ్చిందండీ. పుట్టింట్లో ఉండిపోలేదు."

వరసలో జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మొగుడు వదిలేస్తే చెప్పు, వేరే కార్డు రాద్దాం. జరుగమ్మా, తర్వాతెవరు?"

ఆ మాట నేను పట్టుకున్నాను. బయట అర్జీలు రాసే ఆయన చేత, భర్త వదిలేశాడని రాయించాను. "సంతకం పెట్టు, నేనేమీ అనుకోను" అన్నాడు అల్లుడు తల దించుకుని. కిటికీ మూసే వేళవుతోంది. కలం దాని చేతిలో పెట్టాను.

"ఎదురుగా నుంచున్న మనిషిని లేడని ఎట్టా రాసేదమ్మా?"

"నీ నిజం కూడు పెడుతుందటే? పెట్టవే మొండిదానా!"

నలుగురిలో అరిచాను. మణికట్టు పట్టుకుని కాగితం మీదికి లాగాను. విదిలించుకుంది. కాలు నిలవక గోడకి తూలింది. అల్లుడు పట్టుకోబోతే వద్దంది. ఈలోపు కిటికీ మూసేశారు.

బస్సులో నా మొహం చూడలేదు. దిగేటప్పుడు మాత్రం, "వాళ్లు అడగాల్సింది నా కాలు సంగతమ్మా, నా మొగుడి సంగతి కాదు" అంది.

తర్వాత కూడా ఆ మిరప ఘాటులోనే, దగ్గుకుంటూ, తొడిమలు తీసింది. సంతకం పెట్టించలేకపోయానే అని ఏళ్ల తరబడి కుమిలాను. ఇప్పుడు, అసలెందుకు అడిగానా అని కుములుతున్నాను.

పెద్దకర్మ అయ్యాక దాని పెట్టె తీస్తే, విత్తనానికి దాచిన నాటు మిరపగింజల పొట్లం దొరికింది. విప్పితే ఆ అర్జీ కాగితమే. భర్త వదిలేశాడన్న అక్షరాల మీద గింజలు. అడుగున సంతకం చోటు ఖాళీగా ఉంది. అల్లుడు చాలాసేపు చూసి, ఒక్క గింజ జారకుండా మళ్లీ మడిచి నా చేతికిచ్చాడు. తొలకరికి నారు పోస్తానన్నాడు.

పొట్లం ఇంకా నా ఒళ్లోనే ఉంది.