ఇప్పచెట్టు కింద నిప్పు

ఇప్పపూలు తిని మత్తెక్కిన ఎలుగుబంటిని చెవి పట్టుకొని అడవిలో దిగబెట్టి వచ్చానని పిల్లలకు చెబుతుంటాను. మా ఊరి ఐలవ్వ కథలో ఎలుగుబంటి లేదు. అందుకే చెప్పడం కష్టం.

మాది నిర్మల్ దగ్గర అడవి అంచు ఊరు. ఇక్కడ ఎవరి ఇప్పచెట్లు వాళ్లవి. ఒకరి చెట్టు కింద మరొకరు ఏరరు. పూలు ఎండబెట్టి అమ్మితే వానలు పడేదాకా ఇల్లు గడుస్తుంది. రాలిన పూలు కనబడాలని ముందుగా చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. ఆ ఏడు ఐలవ్వ కూడా పెట్టి, మంట ఆరకముందే వాగుకు నీళ్లకు పోయింది. గాలి లేచింది. తిరిగొచ్చేసరికి పక్కనున్న కమలవ్వ చెట్టు మొగ్గలన్నీ మాడిపోయాయి. కమలవ్వ ఒంటరి మనిషి. ఆమెకున్నది ఆ ఒక్క చెట్టే.

మేకలు కాసే మల్లేష్ మీద ఊరంతా పడింది.

"బీడీ పారేసింది నువ్వే. ఇంక అటు దిక్కు మేకలు తోలకు!"

"అవ్వతోడు, నేను గా దిక్కే పోలే!" అన్నాడతను. ఎవరూ నమ్మలేదు. ఐలవ్వ అక్కడే కొంగు నోటికడ్డం పెట్టుకొని నిలబడింది.

పూలు రాలడం మొదలైనప్పటి నుంచి ఆమె తెల్లవారకముందే తన చెట్టు పూలు కొన్ని గంపలో తెచ్చి కమలవ్వ చెట్టు కింద చల్లసాగింది. ఒకరోజు కమలవ్వ అక్కడే కూర్చొని ఉంది.

"మొగ్గ లేని చెట్టుకు పూలెట్ల రాలుతున్నయే, ఐలవ్వా?"

"దేవుడు ఇస్తుండేమో, అక్కా."

"దేవుడు నీ గంప కిరాయికి తీసుకున్నడా?"

ఐలవ్వ గంప కింద పెట్టింది. "నిప్పు నాదే, అక్కా."

"ఆకులు నేను సుత కాలుస్తనే. గాలి ఇటు మళ్లింది, గంతే. నాకైతే పూలు పోసినవ్. మరి మల్లేష్‌కు ఏం పోస్తవ్?"

ఐలవ్వ అటునుంచి అటే మల్లేష్ ఇంటికి పోయి చెప్పింది. అతను ఖాళీ దొడ్డి చూపించాడు.

"జర ముందుగాల చెప్పొద్దా, అత్తా? మేత లేక మొన్ననే అంగట్ల మేకలన్నీ అమ్మేసిన."

"నలుగుర్ల చెప్తా, కొడుకా. గిప్పుడే చెప్తా."

"చెప్పు. నన్ను అన్నోళ్లు ఇంటరు. మేకలకెట్ల చెప్తవ్?"

ఐలవ్వ నలుగురిలో చెప్పింది. అందరూ తేలిగ్గా వదిలేశారు. వాళ్లూ నిప్పు పెట్టేవాళ్లే. మల్లేష్ ఇప్పుడు కరీంనగర్‌లో గ్రానైట్ పనిలో ఉన్నాడు. ఐలవ్వ చెట్టు కింది ఆకులను కాల్చకుండా చీపురుతో ఊడ్చుకుంటోంది. అడవికి దగ్గరి దారి అతని ఖాళీ దొడ్డి ముందు నుంచే. ఆమె మాత్రం ఊరంతా చుట్టి పోతుంది.