కొండ దిగినవాళ్ళకిచ్చే గరిటె

ఉదయగిరి దుర్గం చూసొచ్చి, ఎంత బాగుందో అని నా ముందు ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బాగుంటుంది, ఎందుకు బాగుండదు? మెట్లెక్కి, కూలిన బురుజు మీద చెయ్యి వేసి, పైన మసీదు నీడలో కాసేపు నడుం వాల్చి, జలపాతం కింద కాళ్ళు కడుక్కుని దిగిపోయేవాళ్ళకు అన్నీ బాగుంటాయి. మేం ఆ కొండను చూడ్డానికి ఎక్కలేదు. బతకడానికి ఎక్కాం.

మాది గరిటెలు చెక్కే ఇల్లు. నాయన చెక్కేవాడు. కొండ మీద నర్ది చెట్టని ఒకటుంది. తెల్లటి మెత్తటి కర్ర, పచ్చిగా ఉన్నప్పుడు బాడిసకు బాగా లొంగుతుంది, ఆరాక పగలదు. తుమ్మ ఉలిని తినేస్తుంది, వేపతో చేస్తే గంజి చేదెక్కుతుంది. అందుకే మాకు నర్దే కావాలి. అది జలపాతానికి పైన ఉన్న లోయలో తప్ప ఇంకెక్కడా సరిగ్గా పెరగదు. ధాత ఏడు వచ్చిన పెద్ద కరువులో అమ్మ పోయింది, నా పెనిమిటీ పోయాడు. నేను తిరిగి పుట్టింటికి చేరేసరికి నాయన మోకాలు విరిగి ఉంది. అప్పటినుంచి కొండెక్కి కర్ర తెచ్చేది నేను, కింద కూర్చుని చెక్కేది ఆయన.

ఆ మోకాలి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. మా వెంట మొదటిసారి కొండెక్కిన మనిషి ఎవరైనా సరే, దిగొచ్చి కోట దిగువ వాకిలి దగ్గర అడుగుపెట్టగానే ఆ రోజే చేసిన గరిటె ఒకటి చేతిలో పెట్టాలి. కొండ కర్రతోనే చెయ్యాలి, రెండు చేతులతో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఇంట్లో తర్వాత కొండెక్కినవాళ్ళు జారి పడతారని నమ్మకం. కరువులో సర్కారు గంజి పోసే దొడ్డి దగ్గర జనాన్ని బెత్తంతో కొట్టిన ఒక పెద్దమనిషి, సరదా పుట్టి దుర్గం చూస్తానని నాయనను వెంటబెట్టుకుని ఎక్కాడు. దిగాక నాయన వాడికి గరిటె ఇవ్వలేదు. ముఖం తిప్పుకున్నాడు. ఎనిమిదో రోజు నాయనే లోయలో జారి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు.

ఆకలికి కాళ్ళలో సత్తువ లేక పడ్డావు నాయనా అని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆయన వినలేదు.

కరువు దాటిన మరుసటేడు చలికాలంలో మునసబు మా ఇంటికి మనిషిని పంపాడు. నెల్లూరు నుంచి దొర వచ్చి డేరా వేశాడట, దుర్గంలో పాతవన్నీ చూసి బొమ్మలు గీసుకుంటాడట, దారి తెలిసినవాళ్ళు కావాలట. నాయన మోకాలు ఊరందరికీ తెలుసు కనుక నన్ను రమ్మన్నారు. అడగడం కాదు, రమ్మనడమే. ఆ రోజు కర్ర కొట్టుకోవాల్సిన పొద్దంతా వాళ్ళ వెంట తిరగాలి.

నేను పళ్ళు నూరుకుంటూ బయలుదేరాను. దొరకు గడ్డం ఎర్రగా ఉండేది, చేతిలో అట్ట పుస్తకం. పక్కన దుబాసీ. ఆ దుబాసీ మన మనిషే, కానీ దొర కంటే ఎక్కువ దొర. నేను చెప్పిన ఒక్క మాటను ఆయన పది మాటలు చేసి చెప్పేవాడు. బురుజు చూపించి ఇది బురుజు అంటే, దొర చాలాసేపు రాసుకున్నాడు. ఏ రాజు కట్టాడని అడిగించాడు. కట్టిన రాజులెవరూ మా గడప తొక్కలేదు, నాకెట్లా తెలుస్తుందన్నాను. దుబాసీ నన్ను గుడ్లురిమి చూసి, ఏదో ఒక రాజు పేరు చెప్పేశాడు. దొర సంతోషపడ్డాడు.

అన్నీ చూపించాను. రెండో ప్రాకారం, తుప్పుపట్టిన ఫిరంగి, నాచు పట్టిన కోనేరు, పైకప్పు పోయిన ధాన్యపు కొట్టు, కొండ కొన మీది మసీదు. ఎండలో పొడుగు దారిలోనే తిప్పాను. దొర ముఖం కందగడ్డ అయింది. నాకేం జాలి కలగలేదు. వాళ్ళను జలపాతం పై లోయకు పోకుండా చూడడమే ఆ రోజు నా పని. ఊళ్ళో అప్పటికే మాటలు నడుస్తున్నాయి, అడవులన్నీ సర్కారు పట్టుకుంటుందని, మంచి కర్ర కనబడితే చాలు కాపలా పెడుతుందని. ఆ లోయ పోతే మా బతుకు పోయినట్టే.

జలపాతం దగ్గర దొర నిలబడి, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పైకెళ్ళి చూస్తానన్నాడు. పైన కొండతేనె పట్లున్నాయి, కదిలిస్తే గుర్రాన్నైనా చంపుతాయని చెప్పాను. అది సగం నిజం. కర్ర సంగతి అడిగాడు, ఈ కొండ మీద పనికొచ్చే మాను ఏదైనా ఉందా అని. ముళ్ళకంప తప్ప ఏమీ లేదన్నాను. మా ఇంట్లో గరిటెలు చేస్తారని విన్నాడట. ఆ కర్ర మర్రిపాడు దిక్కు నుంచి తెచ్చుకుంటామని చెప్పాను. తడుముకోకుండా చెప్పాను. దొర అది కూడా రాసుకున్నాడు.

గెలిచానని అనుకుంటూ దిగాను. దిగువ వాకిలి రాతి అరుగు మీద నాయన కూర్చుని ఉన్నాడు. నేను ముందురోజు తెచ్చి తడి గోనెలో చుట్టిపెట్టిన నర్ది కొమ్మను ఇంటినుంచి మోసుకొచ్చి, పొద్దుటినుంచి చెక్కుతూ కూర్చున్నాడు. చుట్టూ తెల్లటి చెక్కపేళ్ళు. నన్ను చూసి నవ్వాడు.  వద్దని తల ఊపాను. ఆయన అప్పటికే కుంటుతూ లేచి, దొర ముందుకు పోయి, రెండు చేతులతో గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

దొర గరిటె అందుకుని తిప్పి చూశాడు. వేలితో నొక్కాడు, వాసన చూశాడు. పచ్చి కర్ర, ఇంకా తడి ఆరలేదు. నావైపు చూశాడు. ఆ చూపు నాకు దుబాసీ లేకుండానే అర్థమైంది. ఈ చెట్టు ఎక్కడుందని నాయనను అడిగించాడు.

అబద్ధం చెబితే సరిపోయేది. కానీ తన పనిని ఒకరు అంత శ్రద్ధగా చూడడం నాయనకు అదే మొదలు. గడ్డం పైకెత్తి లోయ వైపు చూపించాడు. అంతటితో ఊరుకోలేదు. మేం చెట్టును ఎప్పుడూ మొదలంటా నరకబోమని, ఒక చెట్టుకు ఒక కొమ్మే తీస్తామని, కొట్టిన చోట తడిమట్టి మెత్తుతామని, అట్లా చేస్తే ఎండకు కొయ్య చీలకుండా పక్కనుంచి చిగురేస్తుందని, ఉన్నదంతా చెప్పేశాడు. నేను ముఖం తిప్పుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన మీద నాకు పుట్టిన కోపం అంతకుముందు ఎవరి మీదా పుట్టలేదు.

మర్నాడు పొద్దున దొర మళ్ళీ ఎక్కాడు. నాయనను డోలీలో మోయించుకుని పోయారు, నేను వెనక నడిచాను. లోయలో ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి, ఎండిన మట్టిని చేతికర్రతో గీకి, కింద కొమ్మ కొట్టిన గంటును చూశాడు. పది చెట్లు చూసేసరికి ముఖం మారింది. దుబాసీ చెప్పాడు, దొంగతనంగా కొట్టి కనబడకుండా మట్టి పూశారని దొర అంటున్నాడని.

నాయనకు మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు జోడించి అన్నాడు.

"దాచేదానికి కాదు దొరా. గాయానికి పూసినాము."

దుబాసీ ఆ మాట దొరకు చెప్పాడో, గుటక వేశాడో నాకు తెలియదు. ముందురోజు నేనాడిన అబద్ధాన్ని మాత్రం విడవకుండా గుర్తుచేశాడు. కూతురు లేదంది, తండ్రి ఉందన్నాడు, మట్టి కింద గంట్లున్నాయి. ఇంకేం కావాలి దొరకు?

నెల తిరక్కముందే దండోరా వేశారు. దిగువ వాకిలి పైన పచ్చి కర్ర కొట్టకూడదు. గడ్డి కోసుకోవచ్చు, ఎండుపుల్లలు ఏరుకోవచ్చు. నాయన కూర్చునే రాతి అరుగు మీద కాపలావాడు కూర్చున్నాడు. నేను వాడి ముందునుంచే రోజూ ఎక్కి గడ్డి మోపులు దించేదాన్ని. వాడు మోపులో కత్తి గుచ్చి చూసేవాడు, లోపల కొమ్మ దాచానేమోనని. నేను వాణ్ణి తిట్టని రోజు లేదు, మనసులోనూ, పైకీ.

ఇంట్లో ఉన్న కర్ర ఆరు నెలల్లో అయిపోయింది. నాయన వేపతో ప్రయత్నించాడు, ఎవరూ తీసుకోలేదు. తర్వాత ఉత్త చేతులతో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నేను గడ్డి అమ్మి తెచ్చిన జొన్నలతో సంకటి చేసి ఆయన ముందు ఠంగున పెట్టేదాన్ని.  నీ ఆచారమే మన నోట్లో మట్టి కొట్టిందని ఒకసారి అన్నాను. ఆయన తినడం ఆపి, మళ్ళీ తిన్నాడు.

మరుసటి చలికాలం దొర మళ్ళీ వచ్చాడు. ఈసారి దొరసానిని తెచ్చాడు, దుర్గం చూపించడానికి. మళ్ళీ నన్నే రమ్మన్నారు. నేను రానని తలుపు మూసుకున్నాను. నాయన తలుపు తీశాడు. పొమ్మన్నాడు. మునసబుతో తగువు వద్దన్నాడు.

ఆ రోజంతా నేను నోరు విప్పలేదు. వేలితో చూపించాను. బురుజు, ఫిరంగి, కోనేరు. దొరసాని గొడుగు వేసుకుని మసీదు మెట్ల మీద కూర్చుంది. జలపాతం చూసి చప్పట్లు కొట్టింది. లోయ వైపు దొర చెయ్యి చాచి ఏదో గొప్పగా చెప్పాడు, తను కాపాడిన చెట్లను చూపిస్తున్నాడని తెలిసిపోయింది. దూరానికి చెట్లు బాగానే కనబడ్డాయి. దగ్గరికి పోతే, దొర మట్టి గీకేసిన చోటల్లా కొయ్య నిలువునా చీలి ఉంది. అది నేను గడ్డి కోస్తూ ఎన్నిసార్లు చూశానో. వాళ్ళు దగ్గరికి పోలేదు.

సాయంత్రం ఎండ తిరిగాక దిగాం. కాపలావాడి పక్కన, కింద నేల మీద నాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో చిన్న గరిటె. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కర్ర ఎక్కడిదని చూశాను. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఆయన ఒళ్ళో బాడిస ఇనుము ఒక్కటే ఉంది, పిడి లేదు.

మా ఇంట్లో కొండ కర్ర అంటూ మిగిలింది ఆ పిడి ఒక్కటే. తాత కొట్టి తెచ్చినది, తాత చెమటా నాయన చెమటా పీల్చి నల్లబడినది. దాన్ని ఉలితో తొలిచి గరిటె చేశాడు.

దగ్గరికి పోయి వంగి, పళ్ళ సందునుంచి అడిగాను, వాళ్ళంటే అంత భయమేంది నాయనా నీకు అని.

"వాళ్ళంటే నాకేం భయమే అమ్మే," అన్నాడు, దొర వైపు చూడనైనా చూడకుండా. "రేపు మళ్ళా గడ్డికి ఎక్కాల్సింది నువ్వు గదా. ఆ యమ్మ మొదటిసారి ఎక్కింది. ఉత్త చేతుల్తో పోతే నువ్వు పడతావు."

నేను ఆ మాటను నమ్మేదాన్ని కాదు. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కొండకు మన ఆచారాలతో పనిలేదు. కానీ మొదటి గరిటె కూడా ఆయన దొర కోసం ఇవ్వలేదని, గొప్పకు ఇవ్వలేదని, ఏడాది పొడుగునా నేను ఠంగున పెట్టిన సంకటి తింటూ ఆ సంగతి నాతో చెప్పుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. మోకాలు వంగక ఆయన లేవలేకపోయాడు. గరిటె నావైపు చాచాడు.

దొరసాని నల్లటి కర్ర చూసి ముక్కు ముడుచుకుంది. మురికిదా అని అడుగుతోందని దుబాసీ నవ్వుతూ చెప్పాడు. నాకు దాన్ని ఆమె గొడుగు మీదికి విసిరేయాలనిపించింది. నాయన నా చేతులవైపే చూస్తున్నాడు.

రెండు చేతులతో ఇచ్చాను.